డౌన్‌లోడ్ నొక్కేముందు

నదీ పరీవాహక ప్రాంతం మీద పని చేతికి రాగానే కొత్తవాళ్లు చేసేది దాదాపు ఒకటే. ఇస్రో సైటు భువన్‌లోనో మరో సైటులోనో ఎత్తుల డేటా దించుకుంటారు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. వాలు మ్యాపు, వాగుల మ్యాపు, పరీవాహక సరిహద్దు ఒకదాని వెంట ఒకటి తీసేస్తారు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు రంగురంగుల బొమ్మ సిద్ధం. ఆ బొమ్మను బట్టే చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలో ఖరారవుతుంది, ముంపు గీత పడుతుంది, ఏ ఊరికి ప్రమాదం ఉందో ఏ ఊరికి లేదో నివేదికలోకి ఎక్కుతుంది.

ఆ బొమ్మ ఎంతవరకు నిజం చెప్పగలదన్నది సాఫ్ట్‌వేర్‌లో తేలే సంగతి కాదు. ఏ డేటా దించుకోవాలో ఎంచుకున్న క్షణంలోనే అది చాలావరకు తేలిపోతుంది. చాలామంది ఆ ఎంపికను ఎంపికగానే చూడరు. ఉచితంగా దొరికింది, అందరూ అదే వాడుతున్నారు, పోయినేడు సీనియర్ కూడా అదే వాడాడు, అంతే. ఇంజనీరుగా, భూగోళశాస్త్ర విద్యార్థిగా, వాటర్‌షెడ్ పథకంలో పనిచేసే కార్యకర్తగా మీకు మంచి పేరు రావాలన్నా, మీ మ్యాపును నమ్మి డబ్బు పెట్టే ఊరు నష్టపోకూడదన్నా ఈ ఎంపిక దగ్గర ఒక పూట ఆగడం నేర్చుకోవాలి.

గడిలో ఎంత నేల పడుతుంది?

ఎత్తుల డేటాను ఆఫీసుల్లో 'డెమ్' అంటారు. నేలను సమానమైన చదరపు గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు వేస్తే అదే డెమ్. గడి భుజం కొలతే దాని రిజల్యూషన్. మీటర్లలో చెబితే ఇది మనసుకెక్కదు, మన కొలతల్లోకి మార్చుకోండి. 90 మీటర్ల గడి అంటే రెండెకరాలు. 30 మీటర్ల గడి అంటే 22 సెంట్లు, తెలంగాణ లెక్కలో తొమ్మిది గుంటలకు కాస్త తక్కువ. 10 మీటర్లదైతే రెండున్నర సెంట్లు. రెండెకరాల చేనులో ఒక మిట్ట ఉంటుంది, ఒక పల్లం ఉంటుంది, మధ్యలో పిల్లకాలువ పోతుంటుంది, పక్కన డొంక ఉంటుంది. వాటన్నిటికీ కలిపి డెమ్‌లో ఉండేది ఒకే ఒక్క అంకె.

ఈ అంకెలు ఎక్కడివో కూడా తెలిసుండాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 60 మీటర్ల పొడవైన బూమ్ చివర రెండో రాడార్ యాంటెన్నా మోసుకుంటూ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగింది. ఆ యాత్ర పేరు ఎస్ఆర్‌టీఎం. అమెరికా బయటి దేశాలకు చాలా ఏళ్లపాటు దాని 90 మీటర్ల డేటాయే ఇచ్చారు. 30 మీటర్లది 2014 నుంచి దశలవారీగా విడుదలైంది. అందుకే కృష్ణ, గోదావరి, పెన్న మీద అంతకుముందు వచ్చిన ఎన్నో థీసిస్‌లు రెండెకరాల గడి మీద నడిచినవే. మన దేశం 2005 మే 5న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1ను పంపింది. ముందుకొకటి, వెనక్కొకటి వాల్చిన రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల్లో తీసి, ఆ జంట చిత్రాల నుంచి ఎత్తు లెక్కగట్టే ఉపగ్రహమది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) ఆ చిత్రాలతో తయారుచేసిన 30 మీటర్ల కార్టోడెమ్ భువన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఐరోపా వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల డెమ్‌కు ఆధారం జర్మనీ జంట రాడార్ ఉపగ్రహాలు 2011 నుంచి 2015 దాకా సేకరించిన కొలతలు.

ఇప్పుడొక చెరువుకట్ట తీసుకోండి. ఎత్తు 4 మీటర్లు, పైన వెడల్పు 3 మీటర్లు, అడుగున 15 మీటర్లు. మన పల్లెల్లో ఇలాంటి కట్టలు కొల్లలు. దాని అడ్డుకోత వైశాల్యం 36 చదరపు మీటర్లు. కట్ట మొత్తం అదృష్టవశాత్తూ ఒకే 30 మీటర్ల గడి వరుసలో పడిందనుకుందాం. 36ను 30తో భాగిస్తే 1.2. అంటే నాలుగు మీటర్ల కట్ట డెమ్‌లో 1.2 మీటర్ల ఉబ్బుగా మిగిలింది. రెండు గడుల మధ్య సగం సగం పడితే ఒక్కో గడిలో 60 సెంటీమీటర్లే. 90 మీటర్ల గడిలోనైతే మొత్తం పడినా 40 సెంటీమీటర్లు. ఎస్ఆర్‌టీఎం డేటాకు పెట్టుకున్న ప్రమాణం 16 మీటర్ల లోపు పొరపాటు, కార్టోడెమ్‌కు 8 మీటర్లు, కోపర్నికస్‌కు 4 మీటర్లు. చదునైన నేల మీద ఫలితం ఆ ప్రమాణం కంటే మెరుగ్గా ఉంటుందన్నది నిజమే. అయినా 40 సెంటీమీటర్ల ఉబ్బు అందులో కట్టలా కనిపించే అవకాశం లేదు. ఊరిని బతికించే కట్ట మీ డేటాలో లేదు. సాఫ్ట్‌వేర్ వాగును ఆ కట్ట మీదుగా నేరుగా దాటించేస్తుంది.

ఈ లెక్క ఒక్కసారి మీ చేత్తో కాగితం మీద వేసి చూడండి. ఆ తరువాత ఏ డెమ్ చూసినా 'ఇందులో ఏం మాయమైంది?' అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

గుట్ట చదునైపోయే తీరు

గడి పెద్దదయ్యేకొద్దీ ముందుగా దెబ్బతినేది వాలు. వాలు లెక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క గడినే చూడదు, చుట్టూ ఉన్న ఎనిమిది గడుల ఎత్తులు తీసుకుంటుంది. 90 మీటర్ల డెమ్‌లో అటుపక్క గడికీ ఇటుపక్క గడికీ మధ్య దూరం 180 మీటర్లు. ఒక గుట్టల వరుస ఊహించుకోండి. వాగు అడుగు నుంచి మిట్ట దాకా 100 మీటర్ల దూరం, 20 మీటర్ల ఎక్కుడు, అవతల మళ్లీ అంతే దిగుడు. నేల మీద వాలు 20 శాతం. మనిషికి ఆయాసం వచ్చే వాలు. కానీ 180 మీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్లు ఒకటి ఈ వాలు మీద, ఇంకొకటి పక్క గుట్ట వాలు మీద దాదాపు ఒకే ఎత్తులో పడతాయి. వాటి మధ్య తేడా ఎంత ఎక్కువ వచ్చినా 4 మీటర్లు. లెక్క చేస్తే వాలు 2 శాతం పైచిలుకు. అదే గుట్ట 30 మీటర్ల డెమ్‌లో వాలు మధ్యభాగాన 20 శాతం సరిగ్గా చూపిస్తుంది, శిఖరం దగ్గరా వాగు అడుగునా మాత్రం తగ్గిస్తుంది. నేల మారలేదు. గడి మారింది, గుట్ట చదునైపోయింది.

ఈ ఒక్క తప్పు ఎన్ని చోట్లకు పాకుతుందో చూడండి. మట్టి కోత లెక్కించే సమీకరణంలో వాలు, వాలు పొడవు కలిసి ఒక గుణకంగా కూర్చుంటాయి. వాలు తగ్గితే కోతా తక్కువగా వస్తుంది, ఆ లెక్కను నమ్మి కట్టిన చెక్‌డ్యామ్ అనుకున్నదానికంటే ముందే పూడిపోతుంది. వాన పడ్డాక నీరు వాగుకు చేరే సమయం ఎక్కువగా వస్తుంది, వరద శిఖరం చిన్నదిగా కనిపిస్తుంది, కల్వర్టు ఇరుకుగా కడతారు. నేల ఎక్కడ తడిసి నిలుస్తుందో చెప్పడానికి కీత్ బెవెన్, మైక్ కిర్క్‌బీ 1979లో ఇచ్చిన తడి సూచిక అందరూ వాడతారు. పైనుంచి వచ్చే నీటి వాటాను వాలుతో భాగించి లాగరిథమ్ తీయడమే అది. వాలు చిన్నదైతే సూచిక పెరుగుతుంది. అంతటితో ఆగదు. గుట్ట కొసన ఉన్న గడికి పైనుంచి వచ్చే నీరేమీ ఉండదు, అయినా లెక్కలో దానికి గడి వెడల్పంత వాటా వచ్చి పడుతుంది. 10 మీటర్ల గడి నుంచి 90 మీటర్ల గడికి మారితే ఆ వాటా తొమ్మిది రెట్లు, లాగరిథమ్‌లో 2.2 పెరుగుదల. ఎండిన గుట్ట నెత్తి మీద చుక్క వాన పడకుండానే తడి పెరిగిపోయింది! ఒక డెమ్ మీద సరిపోయిన హద్దు విలువను ఇంకో డెమ్ మీదికి మోసుకెళ్లకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అమెరికాలో వెయ్‌హువా జాంగ్, డేవిడ్ మాంట్‌గోమరీ 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చదవాల్సిందే. ఆరెగన్‌లో ఒకటి, కాలిఫోర్నియాలో ఒకటి చిన్న పరీవాహక ప్రాంతాలు ఎంచుకుని, ఒకే నేలను 2, 4, 10, 30, 90 మీటర్ల గడులతో చూశారు. గడి పెరిగేకొద్దీ వాలు, తడి సూచిక, వరద లెక్క అన్నీ మారుతూ పోయాయి. 30 నుంచి 10కి రావడంలో లాభం బాగా ఉంది. 10 నుంచి 2కో 4కో దిగితే లాభం అంతగా లేదు. అందుకే డేటా బరువుకూ నాణ్యతకూ మధ్య 10 మీటర్లు చాలా నేలలకు సరైన రాజీ అన్నారు. వాళ్ల మాటలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ 10 అంకె కాదు, గడి కొలత ఆ నేలలోని గుట్ట వాలు పొడవు కంటే చిన్నదిగా ఉండాలన్న సూత్రం. తూర్పు కనుమల్లో ఆ పొడవు వేరు, తెలంగాణ పీఠభూమి మీద వేరు. మీ నేలలో ఎంతో మీరే కొలుచుకోవాలి.

వాగుల విషయంలో కొత్తవాళ్లు తరచూ పడే గోతి ఒకటుంది. సాఫ్ట్‌వేర్ 'ఎన్ని గడుల నీరు చేరితే వాగు మొదలైనట్టు?' అని అడుగుతుంది. ఏ పాఠంలోనో చూసిన 1000 వేస్తారు. 30 మీటర్ల డెమ్‌లో వెయ్యి గడులంటే 0.9 చదరపు కిలోమీటర్లు. 90 మీటర్లదైతే 8.1. ఒక నివేదికలో వాగులు చిక్కగా, ఇంకొక నివేదికలో పల్చగా వస్తే రెంటినీ పోల్చి నేల స్వభావం గురించి పేరాలకు పేరాలు రాసినవాళ్లున్నారు. ఆ హద్దును ఎప్పుడూ హెక్టార్లలోనో చదరపు కిలోమీటర్లలోనో ముందు నిర్ణయించుకుని, తరువాత గడుల్లోకి మార్చండి.

పెద్ద గడి అంతటా పనికిరాదని మాత్రం అనుకోకండి. గోదావరి పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. దాని మొత్తం విస్తీర్ణం, ఉపనదుల వాటాలు, త్ర్యంబకం నుంచి సముద్రం దాకా నది దిగుడు తీరు తెలుసుకోవడానికి 90 మీటర్లు హాయిగా సరిపోతాయి. 90 మీటర్ల గడులతో అది దాదాపు 3.9 కోట్ల గడులు. 30 మీటర్లతో 35 కోట్లు. ఒక మీటరు గడులతో 31 వేల కోట్ల పైమాట, ఒక్క ఎత్తుల ఫైలే టెరాబైటు దాటుతుంది. విస్తీర్ణం అడిగిన ప్రశ్నకు అంత బరువు మోయడం తెలివైన పని కాదు.

అడుగు రెండడుగుల లోకం

గుట్టలు దిగి డెల్టాకు వస్తే ఇబ్బంది మరోలా ఉంటుంది. ఇక్కడ గడి వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, ఎత్తు అంకె ఎంత నమ్మదగినదో చూడాలి. కిలోమీటరుకు 30 సెంటీమీటర్లు దిగే నేల అనుకోండి. ఒక 30 మీటర్ల గడి నుంచి పక్క గడికి దిగుడు ఒక సెంటీమీటరు కూడా రాదు. ఎస్ఆర్‌టీఎం డేటాలో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. కాబట్టి డెల్టా అందులో చదునైన పలకలుగా, పలకకూ పలకకూ మధ్య ఒక్కసారిగా మీటరు మెట్టుతో కనిపిస్తుంది. ఆ మెట్టు దగ్గర వాలు 1.7 శాతం అని వస్తుంది, మిగిలినచోట సున్నా. రెండూ అబద్ధమే.

కొల్లేరు చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే నీటిని సముద్రానికి మోసుకెళ్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో 'ఐదో కాంటూరు' అన్న మాట తెలియని మనిషి ఉండడు. 1999లో అభయారణ్యం ప్రకటించింది ఆ గీత దాకానే. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసింది ఆ గీత లోపలే. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత అది. ఐదో కాంటూరు దగ్గర సరస్సు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, మూడో కాంటూరు దగ్గర 135. రెండు గీతల మధ్య ఎత్తు తేడా రెండు అడుగులు, అంటే 61 సెంటీమీటర్లు. ఆ 61 సెంటీమీటర్లలో 173 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. అందులో జనం పట్టాలున్నాయి, చేపల చెరువులున్నాయి, కోర్టు కేసులున్నాయి, పెలికాన్లు వచ్చే చెట్లున్నాయి. మీటర్ల పొరపాటు ఉన్న ఉచిత డేటాతో ఐదో కాంటూరు గీసి ఎవరి చేతికైనా ఇవ్వడం ఇంజనీరు చేయకూడని పని. ఈ మాట మెత్తగా చెప్పే అవసరం నాకు కనిపించదు. అక్కడ నేల మీద ఆటో లెవెల్ పెట్టి కొలిచిన ఎత్తులో, విమానం నుంచి లేజర్‌తో తీసిన లైడార్ డేటానో కావాలి. అవి లేకపోతే 'ఈ డేటాతో ఆ గీత గీయలేం' అని రాసివ్వాలి.

చెట్ల సంగతి మరొకటి. రాడార్, కెమెరా రెండూ చాలావరకు పైకి కనిపించేదాన్నే కొలుస్తాయి. కోనసీమలో వాటికి కనిపించేవి కొబ్బరి మట్టలు. నేల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంటే డెమ్ అంకె మట్టల దాకా పెరుగుతుంది. తోట ఉన్నచోట మిట్ట, వరిచేను ఉన్నచోట పల్లం. ఆ మిట్టలు లేవు, అక్కడా వరద వస్తుంది. పాపికొండల అడవిలోనూ ఇదే తంటా, కాకపోతే అక్కడ కొండ ఎత్తు ముందు చెట్టు ఎత్తు చిన్నది కాబట్టి నష్టం తక్కువ. కోనసీమలో చెట్టే మొత్తం లెక్కను మింగేస్తుంది. స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ 2019లో ఎస్ఆర్‌టీఎం ఎత్తుల్లోని ఈ రకం పొరపాట్లు సవరించి చూస్తే, సముద్రమట్టం పెరుగుదల వల్ల ప్రమాదంలో పడే జనం లెక్క ప్రపంచం మొత్తం మీద మూడింతలైంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు కోపర్నికస్ డెమ్ నుంచి చెట్లను, భవనాలను తీసేసి ఫాబ్‌డెమ్ అనే రూపం ఇచ్చారు. తీరప్రాంత పనికి కనీసం దాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి.

డెల్టాలో నది చీలుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. ఎక్కువమంది వాడే డీ8 పద్ధతి మాత్రం ఒక గడి నీటిని చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో ఒకే ఒక్క గడికి పంపుతుంది. చీలడం దానికి తెలియదు. గడిని ఎంత చిన్నది చేసినా రెండో పాయ రాదు, ఎందుకంటే లోపం పద్ధతిలో ఉంది. డేవిడ్ టార్బోటన్ 1997లో ఇచ్చిన డీ-ఇన్ఫినిటీ నీటిని రెండు గడులకు పంచుతుంది, కానీ అది గుట్ట వాలు మీద నీరు విచ్చుకోవడానికి చేసింది. పాయలకు నది గీతను మీరే ఇవ్వాలి.

చెరువులు పూడ్చే మీట

డెమ్ తెరిచాక దాదాపు ప్రతి పాఠం మొదట చెప్పేది 'గుంటలు పూడ్చండి' అని. డేటాలో దొంగ గుంటలుంటాయి, నీరు అక్కడే ఆగి ముందుకు పోదు, అందుకని సాఫ్ట్‌వేర్ వాటిని అంచు దాకా నింపుతుంది. కొన్నిచోట్ల ఇది మంచి సలహానే. మన నేల మీద మాత్రం నిజమైన గుంటలు వేలకు వేలు ఉన్నాయి. తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెప్పిన చెరువుల లెక్క 46 వేల పైనే. వాటిలో ఎన్నో గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దూకితే కింది చెరువుకు నీరు.

పెద్ద గడిలో కట్ట కనిపించదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వాగును కట్ట మధ్యలోంచి, లోతైన చోటు నుంచి, పాతకాలపు వాగు జాడ పట్టుకుని తీసుకెళ్తుంది. చిన్న గడిలో కట్ట కనిపిస్తుంది, వెనుక గుంట కనిపిస్తుంది, వెంటనే మనం పూడ్చే మీట నొక్కి చెరువును మట్టిదిబ్బ చేస్తాం. రెండు దారుల్లోనూ పోయేది మత్తడి. అలుగు చాలా చెరువులకు కట్ట ఒక కొసన ఉంటుంది. అక్కడి నుంచి దూకిన నీరు పట్టే దారి పాత వాగు దారి కానక్కర్లేదు. వర్షాకాలంలో ఏ చేను మునిగేది ఆ దారిని బట్టే. అందుకని చెరువులున్న బేసిన్‌లో ముందు చెరువుల జాబితా పెట్టుకోండి, ప్రతి కట్టకూ అలుగు ఎటువైపుందో ఊరికెళ్లి కనుక్కోండి. తూము తిప్పే నీరటి కాపరిని "బాబాయ్, అలుగు పారినప్పుడు నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగితే పది నిమిషాల్లో చేయి చాచి చూపిస్తాడు. ఆ గీతను డెమ్‌లో చెక్కి, తరువాతే నీటి దారి లెక్కించండి.

లైడార్ చేతికొస్తే కష్టాలు తీరతాయని నమ్మేవాళ్లకు ఇక్కడో హెచ్చరిక. ఒక మీటరు గడిలో రోడ్డు గట్టు గోడలా నిలుస్తుంది. గట్టు కింద కల్వర్టు ఉందని పైనుంచి చూసే లేజర్‌కు తెలియదు. సాఫ్ట్‌వేర్ నీటిని రోడ్డు వెనుక పోగేసి, రోడ్డు మీదుగా పొర్లిస్తుంది. విజయవాడ పక్కన ఎనికేపాడులో బుడమేరు ఏలూరు కాలువ కింద నుంచి అండర్ టన్నెల్‌లో వెళ్తుంది. ఎంత సన్నని డేటా తెచ్చినా ఆ సంగతి డెమ్ చెప్పదు, డ్రాయింగు చెబుతుంది, అక్కడి లస్కరు చెబుతాడు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వరద అజిత్‌సింగ్‌నగర్‌ను ముంచింది. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. గట్టు ఎక్కడ తక్కువ ఎత్తులో ఉంది, ఏ వీధి పక్క వీధి కంటే పల్లం అన్న ప్రశ్నలకు 22 సెంట్ల గడి దగ్గర సమాధానం దొరకదు. అలాంటి పనికి గట్టు వెంట నడిచి తీసిన లెవెల్సు కావాలి.

పన్నెండున్నర మీటర్ల మాయ

ఇంటర్నెట్‌లో ఆలోస్ పాల్సార్ పేరుతో 12.5 మీటర్ల ఎత్తుల ఫైలు దొరుకుతుంది. మన విద్యార్థులకు అది బాగా ఇష్టం. 'అధిక రిజల్యూషన్' అని థీసిస్ పేరులోనే పెట్టుకుంటారు. ఆలోస్ ఉపగ్రహం పాల్సార్ రాడార్‌తో తీసిన చిత్రాలను సరిదిద్దడానికి అలాస్కాలోని ఒక సంస్థ వాడిన ఎత్తుల ఫైలు అది. మన ప్రాంతానికి అందులో ఉన్నవి ఎస్ఆర్‌టీఎం ఎత్తులే, చిన్న గడుల్లోకి సాగదీసినవి. 22 సెంట్ల గడిని నాలుగు సెంట్ల ముక్కలు చేసినంతమాత్రాన కొత్త సమాచారం రాదు. వల కన్ను కంటే చిన్న చేప ఒకసారి జారిపోయాక, ఒడ్డున కూర్చుని వలను ఎంత సన్నగా అల్లినా అది తిరిగి రాదు. ఏ డేటాకైనా దాని వెంట వచ్చే వివరణ పత్రం చదవండి. మూల కొలత ఎప్పుడు, ఏ పరికరంతో, ఎంత దూరానికొకటి తీశారో అందులో ఉంటుంది.

ఆ పత్రంలోనే ఎత్తు దేని నుంచి కొలిచారో కూడా ఉంటుంది. ఎస్ఆర్‌టీఎం అంకెలు సముద్రమట్టానికి దగ్గరి జియాయిడ్ నుంచి, భువన్ కార్టోడెమ్ అంకెలు గణితపు దీర్ఘవృత్తాభం నుంచి. హైదరాబాద్ దగ్గర ఈ రెంటి మధ్య తేడా సుమారు 75 మీటర్లు. ఒక డెమ్‌ను ఇంకొకదానితో పక్కపక్కన అతికించే ముందు ఇది సరిచేయకపోతే ఎక్కడా లేని కొండచరియ పుట్టుకొస్తుంది.

సంవత్సరం కూడా అంతే ముఖ్యం. ఎస్ఆర్‌టీఎం చూసింది 2000 ఫిబ్రవరి నాటి నేల. అందులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లేదు. కొల్లేరు అందులో గట్లు కొట్టకముందటి కొల్లేరు.

ఆ ఒక్క పూట ఎలా గడపాలి?

మొదట మీ ప్రశ్నను ఒకే వాక్యంలో కాగితం మీద రాయండి. 'ఫలానా బేసిన్ భూస్వరూప విశ్లేషణ' అని రాస్తే అది ప్రశ్న కాదు, శీర్షిక. 'ఈ వాగు మీద పదేళ్లలో పూడిపోని చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలి?' అన్నది ప్రశ్న. ఇప్పుడు ఆ ప్రశ్నకు సమాధానాన్ని శాసించే అతి చిన్న వస్తువు ఏదో ఆలోచించండి. వాగు వెడల్పా, కట్టా, గుట్ట వాలు పొడవా, రోడ్డు గట్టా? ఆ వస్తువు అడ్డంగా కనీసం మూడు గడులు పడాలన్నది నేను పాటించే నియమం. 30 మీటర్ల వెడల్పు వాగుకు 10 మీటర్ల గడి. అంత సన్నని డేటా దొరకకపోతే దొరికినదానికి తగ్గట్టు ప్రశ్నను మార్చుకోండి, లేదా నేల మీదికి వెళ్లి లోటు పూడ్చుకోండి. ప్రశ్నను అలాగే ఉంచి డేటాను దబాయించకూడదు.

తరువాత ఒక చిన్న పరీక్ష చేయండి. అదే విశ్లేషణను 30తో ఒకసారి, 90తో ఒకసారి నడపండి. సమాధానం మారకపోతే రిజల్యూషన్ మీకు శత్రువు కాదు, ధైర్యంగా ముందుకు వెళ్లండి. ఎంచుకున్న చెక్‌డ్యామ్ స్థలమే మారిపోతే, ఆ స్థలం ఎంచింది నేల కాదు, గడి. ఈ పరీక్షకు గంట కూడా పట్టదు. అయినా దీన్ని చేసిన నివేదికలు అరుదు.

ఆ మీదట ఆటో లెవెల్‌తో ఒక్క అడ్డుకోత తీయండి, వాగు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. దాన్ని డెమ్ నుంచి తీసిన అడ్డుకోత మీద పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఎడం ఎంతో మీ కళ్లకే తెలుస్తుంది. పై అధికారికి చూపించడానికి కూడా ఆ ఒక్క కాగితం పది పేజీల వాదన కంటే బాగా పనిచేస్తుంది. సన్నని డేటా కొనడానికి, డ్రోన్ సర్వేకు డబ్బు అడగాల్సి వస్తే ఆ కాగితం ముందు పెట్టి అడగండి.

ఇక మీరు గీసే ప్రతి మ్యాపు మూలన మూడు సంగతులు తప్పక రాయండి. డేటా పేరు, గడి కొలత, కొలిచిన సంవత్సరం. వాటి కిందే ఈ మ్యాపు ఏ పనికి పనికిరాదో కూడా ఒక వాక్యం రాయండి. మీ బీరువాలోనో కంప్యూటర్‌లోనో ఇప్పటికే ఉన్న పాత మ్యాపుల్లో ఒకటి ఈ వారమే తీసి చూడండి. ఆ సంగతులు అందులో లేకపోతే కనుక్కుని రాయండి. రాసేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి.